సిలిండర్ మెడ మీది అంకె

2024 ఆగస్టు 10 రాత్రి హొసపేటె దగ్గర తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు గేటు గొలుసు తెగింది. గేటు ఏట్లో కొట్టుకుపోయింది. ఉన్న ముప్పై మూడు గేట్లలో పోయింది ఒక్కటే. అయినా ఆ ఒక్క ఖాళీ గుండా, ఖరీఫ్‌కు దాచుకున్న నీరు రేయింబవళ్లు పారిపోతుంటే బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం జిల్లాల రైతుల గుండెలు జారిపోయాయి. విజయనగర రాజుల కాలం నాటి కాలవను తన పేరుతోనే పిలిపించుకుంటున్న మా దేశనూరుకు ఏరు అంటే అన్నం. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు దగ్గరుండి స్టాప్‌లాగ్‌లు అనే అడ్డుపలకలు దించి ఆ ఖాళీని మూయించేదాకా సుమారు వారం రోజులు ఈ ప్రాంతమంతా డ్యాం వైపే చూసింది.

ఆ గొలుసు గురించి ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. అది ఆగస్టు 9న కూడా అదే గేటును మోసింది. అంతకు ముందు ఏడూ మోసింది. ఏడు దశాబ్దాలు మోసింది. 9వ తేదీన ఎవరైనా "ఇది తెగుతుందా" అని అడిగి ఉంటే, "ఇన్నేళ్లుగా తెగలేదు కదా" అన్న జవాబే వచ్చి ఉండేది. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ మరుసటి రోజు గురించి అది ఏమీ చెప్పలేదు.

ఇదే జవాబు చుట్టూ తిరిగే వివాదం ఒకటి ఏటికి ఎంతో దూరంలో, సముద్రాల కింద, నీటి గుహల్లో ఈత కొట్టేవాళ్ల మధ్య చాలా కాలంగా నలుగుతోంది. తక్కువ ఒత్తిడికి తయారైన స్కూబా సిలిండర్‌లో, దాని మెడ మీద చెక్కిన అంకెను దాటి గాలి నింపవచ్చా? టెక్నికల్ డైవింగ్ చేసేవాళ్లలో కొందరికి ఇది రోజువారీ అలవాటు. మరికొందరికి ఇది ఊహకందని తెగింపు. విశాఖలో, గోవాలో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో, అండమాన్‌లో మనవాళ్లు కూడా సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగుతున్న రోజులివి. రెండు పక్షాల వాదనలనూ నిదానంగా తూచి చూడటానికి ఇదే సమయం.

సిలిండర్ భాష

మనకు బాగా తెలిసిన సిలిండర్ వంటగదిలో ఉంటుంది. అందులో 14.2 కిలోల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. అందుకే దాన్ని తూకం వేసి నింపుతారు. స్కూబా సిలిండర్ అలాంటిది కాదు. అందులో ఉండేది మనం పీల్చే గాలే, కాకపోతే గట్టిగా కుక్కిన గాలి. ఎంత ఉందో చెప్పేది గేజి మీది ఒత్తిడి. కారు టైరులో 32 పిఎస్‌ఐ గాలి కొట్టిస్తాం. 2400 పిఎస్‌ఐ సిలిండర్ అంటే దానికి డెబ్బై అయిదు రెట్లు.

ప్రపంచంలో సరదా డైవర్లు ఎక్కువగా వాడేది 3000 పిఎస్‌ఐ, అంటే 207 బార్ల అల్యూమినియం సిలిండర్. గుహల్లోకి, లోతైన ఓడ శిథిలాల్లోకి వెళ్లేవాళ్లు మాత్రం ఉక్కును ఇష్టపడతారు. అది మన్నుతుంది. నీటిలో తేలిపోదు కాబట్టి విడిగా సీసం బరువులు ఎక్కువ కట్టుకోనక్కర్లేదు. అమెరికాలో ఈ ఉక్కు సిలిండర్లు ప్రధానంగా రెండు రకాలు. హై ప్రెషర్ రకం మీద దాదాపు 3442 పిఎస్‌ఐ అని ఉంటుంది. లో ప్రెషర్ రకం మీద 2400 అని ఉంటుంది. ఈ రెండో రకానికి, పరీక్షలో గట్టిగా నిలిస్తే, పక్కన ఒక ప్లస్ గుర్తు చెక్కుతారు. ఆ గుర్తు ఉంటే అక్కడి చట్టం పది శాతం ఎక్కువ, అంటే 2640 పిఎస్‌ఐ వరకు నింపనిస్తుంది. అది సుమారు 182 బార్లు.

చట్టం ఇచ్చిన సడలింపు అంతటితో సరి. వివాదమంతా ఆ పైన మొదలవుతుంది. ఉత్తర ఫ్లోరిడా సున్నపురాతి ఊటగుహల చుట్టూ ఇవే సిలిండర్లను 3600 పిఎస్‌ఐ దాకా, ఒక్కోసారి ఇంకా పైకి నింపడం ఏళ్ల తరబడి ఆనవాయితీ. 3600 అంటే 248 బార్లు. దీన్ని అక్కడ ‘కేవ్ ఫిల్’ అంటారు. ఓవర్‌ఫిల్‌కు, అంటే అంకె దాటి నింపడానికి, అది ముద్దుపేరు.

ఎనిమిది నిమిషాల కోసం

ఎందుకింత ఆశ? నీటి గుహలో పైకి చూస్తే ఆకాశం ఉండదు, రాతి కప్పు ఉంటుంది. ఊపిరి అందకపోతే నేరుగా పైకి రావడం కుదరదు, వచ్చిన దారినే వెనక్కి ఈదాలి. అందుకే గుహ డైవర్లు గాలిని మూడు వాటాలు వేస్తారు. ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది కష్టకాలానికి, అంటే తనకో తోటివాడికో అవసరం పడితే వాడటానికి. గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో రాసిన గుహ డైవింగ్ చిన్న పుస్తకం ఈ మూడో వంతు నియమాన్ని బలంగా నాటింది. గుహల్లో పోయిన ప్రాణాల నుంచి నేర్చుకున్న పాఠాలే ఆ పుస్తకం.

ఇప్పుడు లెక్క వేద్దాం. వీపు మీద రెండు పెద్ద ఉక్కు సిలిండర్లు ఉన్నాయి, ఒక్కొక్కటి సుమారు 16 లీటర్ల నీరు పట్టేంతది. 182 బార్లకు నింపితే రెండింటిలో కలిపి దాదాపు 5800 లీటర్ల గాలి. ముప్పై మీటర్ల లోతులో నీటి ఒత్తిడి పైదానికి నాలుగు రెట్లు, కాబట్టి గట్టు మీద నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చేవాడు అక్కడ ఎనభై లీటర్లు ఖర్చు చేస్తాడు. మూడో వంతు గాలితో అతను దాదాపు ఇరవై నాలుగు నిమిషాలు లోపలికి వెళ్లగలడు. అవే సిలిండర్లను 248 బార్లకు నింపితే? ఒత్తిడి 36 శాతం పెరిగింది. కానీ ఆ స్థాయిలో గాలి అంత సులువుగా కుదించుకోదు, అందువల్ల గాలి పరిమాణం 36 శాతం కంటే తక్కువే పెరుగుతుంది. సుమారు ముప్పై రెండు నిమిషాల దగ్గర ఆగుతాడు.

గొడవంతా ఈ ఎనిమిది నిమిషాల కోసమే. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. చీకటి గుహలో, ప్రవాహానికి ఎదురీదేవాడికి ఎనిమిది నిమిషాలు చిన్న సంగతి కాదు. పైగా కష్టకాలపు వాటా కూడా అంతే పెరుగుతుంది. ఎక్కువ గాలి ఉండటమే భద్రత అని ఓవర్‌ఫిల్ పక్షం అనడంలో అర్థం ఉంది. నీటి కింద మనిషిని చంపేది సాధారణంగా గాలి లేమి. పేలిన సిలిండర్ వల్ల చావు చాలా అరుదు.

నింపవచ్చు అనేవారి వాదన

వాళ్ల వాదనను దాని పూర్తి బలంతోనే చెప్పాలి.

మొదటిది అనుభవం. దశాబ్దాలుగా లెక్కలేనన్ని సార్లు ఇలా నింపాం, మంచి స్థితిలో ఉన్న ఉక్కు సిలిండర్ కేవలం ఈ కారణంగా పేలిందని ఎక్కడ విన్నారు అని అడుగుతారు. సిలిండర్ ప్రమాదాల చరిత్రలో బాగా పేరుపడ్డది వేరే దోషం. 1970, 80 దశకాల్లో 6351 అనే మిశ్రమంతో చేసిన అల్యూమినియం సిలిండర్ల మెడ దగ్గర, ఎడతెగని ఒత్తిడికి సన్నని పగుళ్లు పాకేవి. వాటిలో కొన్ని పేలాయి. ఉక్కుకు ఆ జబ్బు లేదు.

రెండోది పరీక్ష. అమెరికాలో ప్రతి అయిదేళ్లకు సిలిండర్‌ను నీళ్లతో నింపి, మెడ మీది ఒత్తిడికి 5/3 రెట్లు ఎక్కిస్తారు. 2400 సిలిండర్ 4000 పిఎస్‌ఐని, అంటే 276 బార్లను తట్టుకుని చూపించాలి. అంత ఒత్తిడిలోనూ దాని గోడ మీద పడే లాగుడు, ఆ ఉక్కు తెగిపోయే బలంలో 67 శాతం మించకూడదని తయారీ నిబంధన. 4000ను తట్టుకున్నది 3600ను తట్టుకోదా అని వాళ్ల ప్రశ్న.

మూడోది యూరప్. అక్కడ ఉక్కు సిలిండర్లను మామూలుగానే 232 బార్లకు, కొన్నింటిని 300 బార్లకు నింపుతారు. ఉక్కు ఉక్కే కదా, సముద్రం దాటితే బలం మారుతుందా అంటారు.

ఈ మూడు వాదనల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కో వాదన ఎక్కడ ఆగిపోతుందో చూడాలి.

లోహం లెక్క పెట్టుకుంటుంది

యూరప్ వాదనతో మొదలుపెడదాం, ఎందుకంటే అది అన్నిటికంటే త్వరగా తేలుతుంది. అక్కడ పరీక్ష ఒత్తిడి పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు. 232 బార్ల సిలిండర్‌ను 348 బార్ల దగ్గర పరీక్షిస్తారు, దాన్ని తట్టుకునేలా గోడను తయారు చేస్తారు. మన 2400 సిలిండర్ పరీక్షకు నిలిచింది 276 బార్ల దగ్గర. యూరప్ కొలతనే దానికి వాడి 276ను ఒకటిన్నరతో భాగిస్తే వచ్చేది 184 బార్లు. ప్లస్ గుర్తు అనుమతించిన 182కు ఇంచుమించు అదే! కాబట్టి యూరప్‌ను సాక్షిగా పిలిస్తే ఆ సాక్షి అమెరికా చట్టం వైపే నిలబడుతుంది. 248 వైపు నిలబడదు.

పరీక్ష వాదన ఇంకొంచెం లోతైనది. పరీక్ష అనేది అయిదేళ్లకు ఒకసారి, కాసేపు, నీళ్లతో జరుగుతుంది. నింపడం వారానికి నాలుగుసార్లు జరగవచ్చు. కూలి మనిషి ఒక రోజు అవసరం పడి వంద కిలోల బస్తా ఎత్తగలడు. అది చూసి రోజూ తొంభై కిలోల బస్తాలు ఎత్తించే యజమానిని మనం ఏమంటాం? 3600 అంటే పరీక్ష ఒత్తిడిలో సరిగ్గా తొంభై శాతం. 2400 అయితే అరవై శాతమే.

లోహం అలసిపోతుంది. నింపినప్పుడు సాగుతుంది, వాడాక ముడుచుకుంటుంది. ఈ సాగడం, ముడుచుకోవడాల్లో, కంటికి కనబడని గీత ఒకటి ఉంటే అది కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఉక్కులో పగులు పెరిగే వేగానికి ఇంజినీర్లు వాడే ఒక ఉజ్జాయింపు ఉంది. అది లాగుడు హెచ్చుకు ఘనంలా పెరుగుతుంది. 182 నుంచి 248కి వెళ్లడమంటే ఒత్తిడి 1.36 రెట్లు కావడం. దాని ఘనం సుమారు రెండున్నర. అంటే ఒక్కో ఓవర్‌ఫిల్, పగులు ఉన్న చోట, మామూలుగా రెండు మూడు సార్లు నింపినంత ఆయుష్షును తినేస్తుంది. మంచి ఉక్కుకు వేల సార్లు నింపేంత ఆయుష్షు ఉంటుంది కాబట్టి ఈ నష్టం ఏళ్ల తరబడి పైకి కనబడదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

దీనికి తుప్పు తోడవుతుంది. కంప్రెసర్ వడపోత సరిగా లేకపోతే గాలితో పాటు తేమ లోపలికి వెళుతుంది. వాల్వ్ తెరిచి సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే ఉప్పునీరు దూరుతుంది. 1978లో రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సిలిండర్ల లోపలి తుప్పును పరీక్షించి చూశారు. ఒత్తిడిలో ఉన్న గాలి, ఉప్పునీరు కలిస్తే ఉక్కు ఎంత వేగంగా తినబడుతుందో ఆ ప్రయోగం బయటపెట్టింది. తుప్పు గోడను పలచన చేయడంతో ఆగదు, లోపలి గాలిలోని ప్రాణవాయువునూ లాగేసుకుంటుంది. ప్రతి ఏటా వాల్వ్ విప్పి, దీపం వేసి లోపల చూడాలన్న నియమం అందుకే వచ్చింది. గుంటలు పడ్డ గోడకు మెడ మీది అంకె కూడా ఎక్కువే కావచ్చు. అంకెను దాటడం సంగతి చెప్పనక్కర్లేదు.

మిగిలింది అనుభవం వాదన. "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు" అన్నది విన్నప్పుడల్లా నాకు 19వ గేటు గొలుసు కళ్ల ముందుకొస్తుంది. ఫ్లోరిడాలో ఏమీ కాలేదంటే అక్కడి సిలిండర్లు, అక్కడి పరీక్షకులు, అక్కడి వాతావరణం కలిసి ఆ ఫలితం ఇచ్చాయి. అందులో ఒక్కటి మారినా ఆ అనుభవాన్ని అరువు తెచ్చుకోలేం.

బళ్లారి ఎండలో అదే సిలిండర్

మారేది మొట్టమొదట వాతావరణమే. ఈ వాదనలో మన ప్రాంతం మాట ఎవరూ ఎత్తరు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మెడ మీది అంకెకు ఒక ఉష్ణోగ్రత జోడై ఉంటుంది. అమెరికాలో అది 21 డిగ్రీల సెల్సియస్. మన దేశపు నిబంధనల్లో ఇలాంటి వాయువులకు 15 డిగ్రీలు. సిలిండర్ వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. టైరు విషయంలో ఇది ఏ లారీ డ్రైవర్‌ను అడిగినా చెబుతాడు. ఏప్రిల్‌లో బళ్లారిలో నీడలోనే నలభై దాటుతుంది. అద్దాలు మూసిన కారు డిక్కీలో అరవై దాటుతుంది.

ఒక సిలిండర్‌ను సక్రమంగా 21 డిగ్రీల దగ్గర 182 బార్లకు నింపారనుకుందాం. డిక్కీలో 65 డిగ్రీలకు చేరితే దాని ఒత్తిడి సుమారు 209 బార్లు అవుతుంది. పరీక్ష ఒత్తిడి 276. ఇంకా చాలా ఎడం ఉంది. ఆ ఎడం వృథా కాదు, ఇలాంటి రోజు కోసమే పెట్టింది. అదే సిలిండర్‌ను 25 డిగ్రీల దగ్గర 248 బార్లకు నింపి అదే డిక్కీలో పెడితే 281 బార్లు అవుతుంది. పరీక్ష ఒత్తిడినే దాటేసింది! అయిదేళ్లకోసారి రక్షణ గోడల మధ్య, నీళ్లు నింపి, జాగ్రత్తగా చేసే పరీక్షను మనం తెలియకుండా కారు వెనక, పిల్లలు కూర్చున్న సీటు వెనక, నీళ్లతో కాకుండా గాలితో చేస్తున్నామన్నమాట.

నీళ్లకూ గాలికీ తేడా ఏమిటి? నీరు దాదాపు కుదించుకోదు. నీళ్లు నిండిన సిలిండర్ పగిలితే చిమ్మి ఆగిపోతుంది. కుక్కిన గాలి అలా ఆగదు, చుట్టిన స్ప్రింగు విడిపోయినట్టు విరుచుకుపడుతుంది. మా ఊరికి అర్థమయ్యే కొలతలో చెబుతాను. చెరకు తోలే ట్రాక్టర్ ట్రాలీ పది టన్నుల బరువు ఉందనుకుందాం. 182 బార్లకు నిండిన ఒక్క పెద్ద స్కూబా సిలిండర్‌లో ఉన్న శక్తి, దాన్ని దాదాపు ఆరు మీటర్లు పైకి లేపడానికి సరిపోతుంది. 248 బార్లకు నింపితే ఎనిమిది మీటర్లు. మూత తిప్పి గాలి వదిలినప్పుడు వినిపించే ఆ చిన్న బుసలో ఇంత బలం దాగి ఉందని చూసేవాడికి తెలియదు.

వాల్వ్, పలచని రేకు, నింపే మనిషి

సిలిండర్ ఒంటరిగా ఉండదు. దాని మీద వాల్వ్ ఉంటుంది, వాల్వ్‌కు రెగ్యులేటర్ బిగిస్తారు. పట్టీలా బయటి నుంచి బిగించే పాత తరహా యోక్ అమరికకు 232 బార్లు హద్దు. 248 బార్ల గాలి వచ్చి పడితే మధ్యలో ఉన్న చిన్న రబ్బరు ఓ-రింగు బయటికి తన్నుకురావచ్చు. గుహలో అది జరిగితే, ఏ గాలి కోసం ఇంత తెగించామో ఆ గాలంతా బుడగలై పోతుంది. మర బిగించే డిన్ అమరిక దీనికి నయం. సిలిండర్ గోడకు మాత్రం డిన్ చేయగల సాయం లేదు.

అమెరికా వాల్వుల్లో ఒక పలచని రాగి రేకు ఉంటుంది. ఒత్తిడి పరీక్ష స్థాయికి చేరితే ఆ రేకు ముందుగా చిరిగి గాలిని బయటికి వదిలేస్తుంది, సిలిండర్ బతుకుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కు ఉండే సేఫ్టీ వాల్వ్ లాంటిదే. ఓవర్‌ఫిల్ చేసేవాళ్లలో కొందరు, రేకు మాటిమాటికీ చిరుగుతోందని రెండు రేకులు కలిపి వేస్తారు. కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పోయిందని అక్కడ మేకు కొట్టే ఇల్లాలు ఉంటుందా? ఈ ఒక్క పని విషయంలో రెండు పక్షాల మధ్య వాదన ఉండకూడదని నా గట్టి నమ్మకం.

ఇక బరువు. రెండు సిలిండర్లలో అదనంగా కుక్కిన గాలి రెండు కిలోలకు పైగా తూగుతుంది. తేలడానికి కట్టుకునే గాలి సంచీ చిరిగిన రోజున ఈదుకుంటూ పైకి రావాల్సినవాడికి ఆ రెండు కిలోలు తెలుస్తాయి.

అన్నిటికంటే ముందు మాట్లాడాల్సినవాడి గురించి చివర మాట్లాడుతున్నాను, ఎందుకంటే ఈ వివాదంలో అతని గొంతు వినిపించదు. సిలిండర్ పేలితే ఎక్కువగా పేలేది నింపేటప్పుడే. అప్పుడు డైవర్ పక్కన ఉండడు. టీ తాగుతూనో, బోటులో సామాను సర్దుకుంటూనో ఉంటాడు. కంప్రెసర్ పక్కన, గేజి మీద చూపు పెట్టి నిలబడి ఉండేది జీతానికి పనిచేసే కుర్రాడు. విశాఖ తీరంలో అయితే ఏ మత్స్యకార కుటుంబం నుంచో వచ్చినవాడు కావచ్చు. గుహలో ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఉండాలన్న కోరిక అతనిది కాదు. ఆ ప్రమాదాన్ని ఒప్పుకోమని అతన్ని ఎవరూ అడగరు. "నా ప్రాణం నా ఇష్టం" అనే మాట గుహ లోపల చెల్లుతుందేమో. కంప్రెసర్ షెడ్డులో చెల్లదు.

మన చట్టం, మన నీళ్లు

మన దేశంలో కుక్కిన గ్యాస్ సిలిండర్లు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. దాని కింద 2016లో వచ్చిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలను నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ అమలు చేస్తుంది. సిలిండర్ ఆమోదం పొందినదై ఉండాలి, పరీక్ష తేదీ దాటి ఉండకూడదు, నింపేవారికి లైసెన్సు ఉండాలి, నిర్ణయించిన ఒత్తిడిని దాటి నింపకూడదు. ప్లస్ గుర్తు అమెరికా చట్టంలోని మాట. ఆ గుర్తును చూసుకుని మన గడ్డ మీద పది శాతం కలుపుకునే హక్కు ఎవరికీ రాదు.

ఈ క్రమశిక్షణ మనకు కొత్త కాదు. కొవిడ్ రెండో అలలో, 2021లో, బళ్లారి పక్కనే ఉన్న తోరణగల్లు ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ఆసుపత్రులకు వెళ్లింది. అప్పుడు ప్రతి ఇంటికీ తెలిసిపోయిన జంబో సిలిండర్ లెక్క ఇది: నీరు పోస్తే 46.7 లీటర్లు పడుతుంది, 150 బార్లకు నింపితే ఏడు ఘనపు మీటర్ల ఆక్సిజన్. పరీక్ష ఒత్తిడి 250. ఊపిరి అందక మనుషులు పోతున్న ఆ రోజుల్లోనూ ప్రభుత్వం వెతికిన దారి మరిన్ని సిలిండర్లు, మరిన్ని ట్యాంకర్లు. నత్రజని, ఆర్గాన్ సిలిండర్లను శుభ్రం చేసి ఆక్సిజన్‌కు మార్చుకోవడానికి అనుమతిచ్చారు. ఉన్న సిలిండర్‌లోనే రెట్టింపు కుక్కండి అని మాత్రం అనలేదు. కొరత ఎంత పెద్దదైనా ఉక్కు దాని కోసం బలం పెంచుకోదు.

తెలుగు నేల మీద లోతైన నీటి పని లేదా అంటే ఉంది. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని నిర్ధారించడానికి నేవీ డైవర్లు నిస్తార్ ఓడ నుంచి నీళ్లలోకి దిగారు. అదే పేరుతో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. అది మూడు వందల మీటర్ల లోతు వరకు డైవర్లను పంపగలదు. ఎలా? వీపు మీది సిలిండర్‌ను మరింత కుక్కి కాదు. డైవర్లు ఒత్తిడి గదుల్లోనే రోజుల తరబడి ఉంటారు, ఊపిరి ఓడ నుంచి గొట్టాల ద్వారా అందుతుంది. లోతు పెరిగిన కొద్దీ పద్ధతి మారింది. సిలిండర్ మీది అంకెను ఎవరూ దిద్దలేదు.

గోదావరి సంగతి మరో పాఠం. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ బోటు పర్యాటకులతో మునిగింది. ధర్మాడి సత్యం బృందం శ్రమించి, అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది. చివరి దశలో విశాఖ డైవర్లు నీళ్లలోకి దిగి తాళ్లు తగిలించడానికి సాయపడ్డారు. వరద నీరు, సుడులు, చేయి చాపితే చేయి కనబడని బురద. అలాంటి చోట డైవర్‌కు ఎక్కువ గాలి కావాల్సిందే. కానీ దానికంటే ముందు కావాల్సింది పైన నిలబడి తాడు పట్టుకున్న మనుషులు, లెక్క తప్పని ప్రణాళిక, పరీక్ష తేదీ దాటని సామాను. రేపు మళ్లీ అలాంటి రోజు వస్తే మన డైవర్లకు ఆ మూడూ ఇవ్వాలి. అరువు తెచ్చుకున్న అలవాటు ఇవ్వకూడదు.

మరి ఎక్కువ గాలి కావాలంటే?

వద్దు అని చెప్పి ఊరుకుంటే సమీక్ష సగమే అవుతుంది. ఎక్కువ గాలి కావాలన్న అవసరం నిజమైనది, దానికి నిజమైన దారులున్నాయి.

ఆ ఒత్తిడికే తయారైన సిలిండర్ కొనడం మొదటి దారి. 232 బార్లు, 3442 పిఎస్‌ఐ, 300 బార్ల ఉక్కు సిలిండర్లు మార్కెట్లో ఉన్నాయి. ఓవర్‌ఫిల్ మొదలైన కాలంలో ఇన్ని రకాలు ఉండేవి కావు, ఇప్పుడు ఆ సాకు లేదు. రెండోది పెద్ద సిలిండర్. ఒత్తిడి తక్కువే ఉంచి పరిమాణం పెంచడం. మూడోది అదనపు సిలిండర్‌ను పక్కన కట్టుకుని వెళ్లి, దారిలో గుర్తున్న చోట వదిలి, తిరుగు ప్రయాణంలో వాడుకోవడం. గుహ డైవర్ల పెద్ద యాత్రలన్నీ ఇలా అంచెలంచెలుగా జరిగినవే. నాలుగోది వదిలిన ఊపిరిని శుద్ధి చేసి మళ్లీ వాడే రీబ్రీదర్. అది ఖరీదైనది, శిక్షణ లేకుండా ముట్టుకోకూడనిది. అయిదోది ఖర్చు లేనిది, అన్నిటికంటే కష్టమైనది: ఎనిమిది నిమిషాల ముందే వెనక్కి తిరగడం.

నింపే షాపులు చేయాల్సినవి కూడా ఉన్నాయి. నెమ్మదిగా నింపడం. త్వరగా నింపితే సిలిండర్ కాలుతుంది, గేజి ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక ఒత్తిడి పదో వంతు వరకు తగ్గుతుంది. తగ్గుతుందిలే అని ముందే ఎక్కువ కొట్టే అలవాటు అక్కడే పుడుతుంది. చల్లారాక మిగతాది నింపితే ఆ అలవాటు అవసరమే ఉండదు. గేజిని ఏటా సరిచూపించడం. పరీక్ష తేదీ చూడకుండా గొట్టం తగిలించకపోవడం. "పాతకాలపు మనిషిని, నాకు తెలుసు, ఇంకాస్త కొట్టు బాబూ" అనే గిరాకీతో "కుదరదన్నా" అనగలిగే ధైర్యాన్ని పనిచేసే కుర్రాడికి యజమాని ఇవ్వడం. ఈ చివరిది నిబంధనల పుస్తకంలో ఉండదు. కానీ మిగతా నిబంధనలన్నీ దాని మీదే నిలబడతాయి.

నా తీర్పు ఇది. మంచి ఉక్కు, కొత్త సిలిండర్, చల్లని చోటు అయితే 3600 దగ్గర ఈ రోజు పేలకపోవచ్చు. ఓవర్‌ఫిల్ పక్షం అంతవరకు చెప్పింది నిజమే. కానీ మెడ మీది అంకె ఈ ఒక్క రోజు గురించి రాసింది కాదు. పాతికేళ్ల తర్వాత దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనబోయే మనిషికి, దాన్ని డిక్కీలో వేసుకుని మండుటెండలో ఊరు దాటబోయే కుటుంబానికి, గేజి పక్కన నిలబడబోయే కుర్రాడికి తయారీదారు ముందుగానే రాసిచ్చిన మాట అది. దాన్ని దాటి నింపేవాడు ఎడం మొత్తాన్ని తానొక్కడే వాడేసుకుని, వాళ్లెవరికీ మిగల్చకుండా వెళ్లిపోతున్నాడు.

19వ గేటు ఉన్న చోట ఆ ఏడు స్టాప్‌లాగ్‌లు దిగాయి. ఆ తర్వాత దేశనూరు కాలవకు నీరు వచ్చినప్పుడు, గట్టు మీద నిలబడ్డ రైతులు గొలుసు ఎందుకు తెగిందో మాట్లాడుకున్నారు, మిగతా ముప్పై రెండు గేట్ల గొలుసుల్ని ఎవరు చూస్తున్నారో అడిగారు. సిలిండర్ కట్టుకునే ప్రతి డైవరూ అడగాల్సిన ప్రశ్న కూడా అదే. నిన్న తెగనిది ఎంత బలమైనదో కాదు, రేపటి కోసం దాన్ని ఎవరు చూస్తున్నారో అడగాలి. అది తెలియనప్పుడు మెడ మీది అంకె దగ్గర ఆగాలి.